ముండా పహాడ్ బాటలో పాత సముద్రపు అడుగు

దక్షిణ అండమాన్‌లో తుష్నాబాద్ ఒక చిన్న ఊరు. పోర్ట్ బ్లెయిర్‌కు పడమటి వైపున, ఫెర్రార్‌గంజ్ తహసీలులో ఉంటుంది. పోక తోటలు, కొబ్బరి చెట్లు, వాటి వెనక పచ్చటి గుట్టలు. అక్కడ ఒక తెలుగు ఇంటి వరండాలో టీ తాగుతూ, మర్నాడు కొండబాట నడవడానికి వెళ్తున్నానని చెప్పాను. అగ్నిపర్వత శిలల మీదుగా సాగే బాట అని కూడా అన్నాను. ఇంటి పెద్దాయన నవ్వారు. వారి కుటుంబం శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడింది.

“నిప్పుకొండ సూడాలంటే బ్యారన్ ఐలాండ్ ఎల్లాల బాబూ. ఇక్కడేటుంది? అడివీ, రాళ్లూ!”

కాసేపాగి ఆయనే ఇంకో మాట అడిగారు. 2004 సునామీలో సిప్పిఘాట్ వైపు వారి బంధువుల వరి పొలం మునిగింది. “నీళ్లొచ్చాయి, ఊళ్లు ముంచాయి, ఎనక్కి పోయాయి అంటారు గదా. మరి ఆ పొలంలోంచి ఎందుకు పోలేదు? ఇప్పటికీ ఉప్పునీరే.”

ఈ రెండు మాటలకూ సంబంధం లేదనే మొదట అనుకున్నాను. బాట నడిచి వచ్చాక అర్థమైంది, రెండింటికీ జవాబు ఒకే చోట ఉందని. ఈ వ్యాసం ఆ జవాబే.

అగ్నిపర్వతం వేరు, అగ్నిపర్వత శిల వేరు

పెద్దాయన మాట సగం నిజం. భారతదేశంలో ఇప్పటికీ చురుగ్గా ఉన్న అగ్నిపర్వతం బ్యారన్ ద్వీపం ఒక్కటే. పోర్ట్ బ్లెయిర్‌కు ఈశాన్యంగా దాదాపు 135 కిలోమీటర్ల దూరంలో సముద్రం మధ్య నిలబడి ఉంది. (పోర్ట్ బ్లెయిర్ పేరును 2024లో శ్రీ విజయపురం అని మార్చారు. అక్కడి జనం నోట రెండు పేర్లూ వినిపిస్తాయి.) ఒక శతాబ్దానికి పైగా నిశ్శబ్దంగా ఉన్న బ్యారన్ 1991లో మళ్లీ నిప్పులు కక్కింది. ఆ తర్వాత చాలాసార్లు బూడిద, లావా వెలువడ్డాయి. అక్కడ దిగి నడవడానికి అనుమతి ఉండదు, పడవలోంచి చూడాల్సిందే. ఇంకా ఉత్తరాన నార్కొండం ఉంది. 710 మీటర్ల ఎత్తున్న ఆ అగ్నిపర్వత ద్వీపం ఇప్పుడు చల్లారి, అడవి కప్పుకుని ఉంది. బారాటాంగ్‌లో పర్యాటకులు చూసే ‘మట్టి అగ్నిపర్వతాల’లో నిప్పు లేదు. భూమి లోపలి ఒత్తిడికి వాయువులు, నీరు, బురద కలిసి పైకి ఉబికి వస్తాయి, అంతే.

దక్షిణ అండమాన్‌లో అగ్నిపర్వత శిఖరం ఏదీ లేదు. అగ్నిపర్వత శిల మాత్రం దండిగా ఉంది. మన దగ్గరా ఇలాంటిదే చూడొచ్చు. రాజమండ్రి దగ్గర కాతేరులో, గోదావరికి అవతల పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు క్వారీల్లో కొట్టే నల్లరాయి అంతా ఒకప్పటి లావాయే. సుమారు 6.6 కోట్ల ఏళ్ల క్రితం దక్కన్ పీఠభూమిని కప్పిన లావాతో దానికి చుట్టరికం ఉంది. అయినా గోదావరి జిల్లాల్లో అగ్నిపర్వత శిఖరం కనిపించదు. లావా పొరలే మిగిలాయి.

అండమాన్ లావా కథ దీనికి భిన్నం. అది పారింది సముద్రం అడుగున.

బాట ఎక్కడ మొదలవుతుంది

పోర్ట్ బ్లెయిర్ నుంచి దక్షిణంగా దాదాపు 25 కిలోమీటర్లు వెళ్తే దీవి చివర చిడియా టాపు వస్తుంది. అక్కడి నుంచి అడవిలోకి సాగే ముండా పహాడ్ బాట ఒకటిన్నర, రెండు కిలోమీటర్లు ఉంటుంది. ఎత్తు తక్కువే, కానీ ఎక్కుడు దిగుడులు ఎక్కువ. పెద్ద చెట్ల వేళ్లు మెట్లలా అడ్డం వస్తాయి. చివరికి చెట్లు పలచబడి, గడ్డి మొలిచిన ఒక కొమ్ము మీదికి చేరతాం. కింద నిట్టనిలువుగా రాతిగోడ, దాని కింద అలలు. ఎదురుగా జలసంధి అవతల రట్లాండ్ ద్వీపం, దాని మీద దాదాపు 430 మీటర్ల ఎత్తున్న మౌంట్ ఫోర్డ్.

ఇంతకన్నా పెద్ద బాట కావాలనుకునేవారు మౌంట్ హారియట్ నుంచి కాలా పత్థర్ మీదుగా మధుబన్ దిగే దారి పడతారు. పాత ఇరవై రూపాయల నోటు వెనక ఉన్న దీపస్తంభం దృశ్యం ఆ కొండ మీది నుంచి కనిపించేదే. 1891 యుద్ధం తర్వాత ఇక్కడికి ప్రవాసం పంపిన మణిపురి వీరుల జ్ఞాపకార్థం 2021లో ఆ కొండకు మౌంట్ మణిపుర్ అని పేరు పెట్టారు. ఆ బాట ఎక్కువ పేరున్నదే, కానీ రాళ్లను చదవడానికి నాకు చిడియా టాపు ప్రాంతమే సులువనిపించింది. సముద్రం ఇక్కడ తీరాన్ని కోసి, కొండ లోపల ఏముందో బయటపెట్టింది. కొడియాఘాట్, బీడ్‌నాబాద్, చిడియా టాపు తీరాల్లో భూశాస్త్రవేత్తలు దశాబ్దాలుగా పని చేస్తున్నది ఈ కారణం వల్లనే.

నేను చదివింది భౌతికశాస్త్రం, భూగర్భశాస్త్రం కాదు. కాబట్టి మొదటిసారి వెళ్లినప్పుడు చూడాల్సిన రాళ్లనే దాటి వెళ్లిపోయాను. నీళ్లు వెనక్కి తగ్గిన వేళ తీరంలో గుండ్రంగా, ముదురు ఆకుపచ్చ కలిసిన నలుపు రంగులో, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న రాళ్లు కనిపించాయి. అలలకు అరిగిన బండలే అనుకున్నాను. అవి అరిగి గుండ్రమైనవి కావు, పుట్టుకతోనే గుండ్రనివి.

లావా దిండు ఎలా తయారవుతుంది

వీటిని పిల్లో లావా అంటారు, అంటే దిండు లావా. నిజంగానే దూది కుక్కిన దిండ్లను గోదాములో అడ్డదిడ్డంగా వేసినట్టు ఉంటాయి.

సుమారు 1,200 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉన్న బసాల్ట్ లావా సముద్రపు అడుగున చీలిక నుంచి బయటికి వస్తే, దాని చుట్టూ ఉన్న నీరు గడ్డకట్టే స్థితికి కొద్ది డిగ్రీల పైన మాత్రమే ఉంటుంది. లావా పైపొర ఆ క్షణంలోనే గడ్డకట్టి గాజులా మారుతుంది. స్ఫటికాలు ఏర్పడేంత వ్యవధి దానికి దొరకదు. లోపల మాత్రం ఇంకా ద్రవమే. వెనక నుంచి వచ్చే లావా ఒత్తిడికి ఆ పెంకు ఒక చోట పగిలి, అక్కడి నుంచి ట్యూబులోంచి టూత్‌పేస్టు వచ్చినట్టు మరో ముద్ద బయటికి వస్తుంది. దానికీ వెంటనే పెంకు కడుతుంది. ఇలా ముద్ద మీద ముద్ద పేరుకుంటుంది.

పెంకుకూ లోపలికీ ఇంత తేడా ఎందుకో ఒక చిన్న లెక్క చెబుతుంది. రాయి వేడిని మెల్లగా వదులుతుంది. వేడి ఒక మందాన్ని దాటడానికి పట్టే సమయం ఆ మందం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. రాయికి ఉజ్జాయింపుగా లెక్క వేస్తే, ఒక సెంటీమీటరు మందం చల్లబడటానికి సుమారు వంద సెకన్లు చాలు. అదే 60 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న దిండు మధ్యభాగం ఉపరితలానికి 30 సెంటీమీటర్ల లోతులో ఉంటుంది. మందం 30 రెట్లయితే సమయం 900 రెట్లవుతుంది, అంటే దాదాపు ఒక రోజు. ఒకే రాయిలో బయటి అంచు రెండు నిమిషాల్లో, నడిబొడ్డు ఒక రోజుకు గడ్డకట్టాయన్నమాట. అందుకే విరిగిన దిండులో అంచున నల్లటి నునుపైన పట్టీ, లోపలికి వెళ్లేకొద్దీ గరుకైన రేణువులు, మధ్య నుంచి అంచుల వైపు సైకిల్ చక్రం ఊచల్లా పగుళ్లు కనిపిస్తాయి.

మరి అంత వేడి లావా నీళ్లలో పడితే పెద్ద పేలుడు జరగదా? లోతు తక్కువైతే జరుగుతుంది. నీరు ఆవిరై ఒక్కసారిగా వ్యాకోచించడమే ఆ పేలుడు. కానీ ప్రతి పది మీటర్ల లోతుకూ పీడనం సుమారు ఒక వాతావరణం మేర పెరుగుతుంది. రెండున్నర వేల మీటర్ల లోతులో అది 250 వాతావరణాలు దాటుతుంది. అంతటి పీడనంలో నీరు ఎంత వేడెక్కినా మనం వంటింట్లో చూసేలా కుతకుతలాడి ఆవిరిగా విడిపోలేదు. లావా పేలకుండా, నిదానంగా దిండ్లుగా పేరుకుంటుంది.

దిండ్లు ఇంకో సంగతీ చెబుతాయి. కొత్తగా వచ్చిన ముద్ద ఇంకా మెత్తగా ఉండగానే కింది రెండు దిండ్ల మధ్య సందులోకి జారుతుంది. అందువల్ల పైభాగం గుండ్రంగా, అడుగు భాగం మొనదేలి ఉంటుంది. కోట్ల ఏళ్ల కదలికల్లో రాతిపొర తలకిందులైనా, ఆ మొన ఎటు ఉందో చూసి అసలు అడుగు ఏదో గుర్తుపట్టవచ్చు. కర్ణాటకలో చిత్రదుర్గ దగ్గర మరడిహళ్లిలో ఉన్న దిండు లావాను జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించారు. దాని వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. దిండు ఆకారం అక్కడ కూడా చెదరలేదు.

ఎర్రరాయి, పచ్చరాయి, తెల్లరాయి

లావా దిండ్లు ఒంటరిగా లేవు. ఈ ప్రాంతంలో వాటితో కలిసి మరో మూడు రకాల రాళ్లు దొరుకుతాయి.

మొదటిది చెర్ట్ అనే ఎర్రటి గట్టిరాయి. రేడియోలేరియా అనే సూక్ష్మజీవుల సిలికా గుల్లలు లోతైన సముద్రం అడుగున పేరుకుని ఈ రాయిగా మారాయి. ఒక్కో గుల్ల మిల్లీమీటరులో చిన్న భాగం ఉంటుంది. తీరానికి దగ్గరైతే నదులు తెచ్చే మట్టి కలిసిపోయి ఇంత స్వచ్ఛమైన పొర ఏర్పడదు. కాబట్టి ఈ లావా పారింది నేలకు దూరంగా, లోతు సముద్రంలో అని చెర్ట్ చెబుతోంది.

రెండోది సర్పెంటినైట్. చేత్తో తాకితే సబ్బులా జారే పచ్చటి రాయి. తడి మీద దీని మీద కాలు వేస్తే ఏమవుతుందో నా మోకాలికి తెలుసు. భూమి పైపొర కింద ఉండే భూప్రావారపు శిల నీటితో రసాయనికంగా కలిస్తే సర్పెంటినైట్ అవుతుంది. రట్లాండ్ ద్వీపంలో భూప్రావారపు శిలలే విస్తారంగా బయటపడి ఉన్నాయి. మామూలుగా సముద్రపు అడుగు నుంచి ఆరేడు కిలోమీటర్లు తవ్వితే గానీ అందని రాయి అది. ముండా పహాడ్ కొమ్ము మీద నిలబడి ఎదురుగా ఉన్న దీవిని చూస్తున్నామంటే, భూమి లోపలి పొరను ఎండలో చూస్తున్నామన్నమాట.

మూడోది లేతరంగులో సన్నటి చారల్లా ఉండే ప్లేజియోగ్రానైట్. లావా బయటికి రాకముందు, కింద మాగ్మా అరలో చివరగా మిగిలిన ద్రవం గడ్డకట్టి ఇది ఏర్పడింది. అండమాన్ కథకు తేదీ ఇచ్చింది ఈ రాయే. ఇందులో జిర్కాన్ అనే ఖనిజపు చిన్న స్ఫటికాలు ఉంటాయి. జిర్కాన్ ఏర్పడేటప్పుడు యురేనియంను తనలోకి రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. కాబట్టి ఈరోజు అందులో కనిపించే సీసం చాలావరకు యురేనియం క్షయం చెందగా వచ్చినదే. యురేనియం-238లో సగం సీసంగా మారడానికి దాదాపు 447 కోట్ల ఏళ్లు పడుతుందని మనకు తెలుసు. రెండింటి నిష్పత్తి కొలిస్తే వయసు వస్తుంది. 2010లో వెలువడిన ఫలితాల ప్రకారం ఇక్కడి ప్లేజియోగ్రానైట్ వయసు సుమారు 9.5 కోట్ల ఏళ్లు.

రాజమండ్రి నల్లరాయి కన్నా ఇది దాదాపు 3 కోట్ల ఏళ్లు పెద్దది. ఈ లావా పారిన కాలానికి భారతదేశం ఆసియాకు చాలా దూరంగా, దక్షిణార్ధగోళంలో ఉంది. మడగాస్కర్ నుంచి విడిపోవడం కూడా ఇంకా పూర్తి కాలేదు.

అడుగున భూప్రావారపు శిల, దాని మీద లోతులో గడ్డకట్టిన మాగ్మా, ఆ పైన లావా దిండ్లు, అన్నిటికీ పైన చెర్ట్. ఈ నాలుగు పొరలూ కలిస్తే సముద్రపు భూపటలపు నిలువుకోత అవుతుంది. ఇలా నేల మీదికి వచ్చిన సముద్రపు అడుగుకు ఒఫియోలైట్ అని పేరు. గ్రీకులో ‘ఓఫిస్’ అంటే పాము. సర్పెంటినైట్ మెరుపు పాము చర్మాన్ని గుర్తుకు తెచ్చేది గనుక, 19వ శతాబ్దం ఆరంభంలో ఫ్రెంచి శాస్త్రవేత్త అలెగ్జాండర్ బ్రోన్యార్ ఈ మాటను వాడుకలోకి తెచ్చాడు. ఒఫియోలైట్ అంటే సముద్రపు అడుగేనన్న సంగతి మాత్రం 1960లలో ఫలక చలన సిద్ధాంతం వచ్చాకే స్పష్టమైంది.

అడుగున ఉన్నది పైకి ఎలా వచ్చింది

సముద్రపు అడుగు బరువైనది. రెండు ఫలకాలు ఢీకొన్నప్పుడు అది సాధారణంగా రెండోదాని కిందికి దూరి, భూప్రావారంలో కలిసిపోతుంది. దీన్ని అధోగమనం అంటారు. అండమాన్ దీవులకు పడమరన, బంగాళాఖాతం కింద ఇదే జరుగుతోంది. భారత ఫలకం ఏటా కొన్ని సెంటీమీటర్ల చొప్పున బర్మా ఫలకం కిందికి జారుతోంది.

ఒక తివాచీని గోడ వైపు నెడితే అది మడతలు పడుతుంది. ఇక్కడ రెండు ఫలకాలు రాసుకునే చోట పై ఫలకం అంచు నలిగి, ముక్కలై, ఒక ముక్క మరో ముక్క మీదికి ఎక్కింది. కిందికి దూరే ఫలకం మీది మట్టి, ఇసుక కూడా గీరుకుపోయి ఆ కుప్పలో చేరాయి. దక్షిణ అండమాన్ అంటే ఇలా పలక మీద పలక పేర్చిన కుప్ప. ఆ పలకల్లో కొన్ని పాత సముద్రపు అడుగు ముక్కలు. ఆ అడుగు మొదట ఎక్కడ పుట్టిందన్న ప్రశ్నకు, అప్పటికే మొదలైన ఒక అధోగమన మండలానికి పైభాగంలో అని చాలామంది పరిశోధకులు జవాబు చెబుతారు. లావాల రసాయన కూర్పు ఆ సూచన ఇస్తోంది.

అది నీటిపైకి ఎప్పుడు తేలింది? దీనికి తుష్నాబాద్‌కు ఎంతో దూరం లేని మిఠాఖారి పేరు పెట్టుకున్న శిలల్లో సాక్ష్యం ఉంది. మిఠాఖారి వర్గానికి చెందిన ఈ రాళ్లు గులకరాళ్లు, ఇసుక గట్టిపడి ఏర్పడినవి. ఆ గులకరాళ్లలో బసాల్ట్, సర్పెంటినైట్, ఎర్ర చెర్ట్ ముక్కలు ఉన్నాయి. గులకరాయి కావాలంటే ముందు ఆ రాయి గాలికీ వానకీ బయటపడాలి, విరగాలి, వాగుల్లో దొర్లాలి. మిఠాఖారి శిలలు ఇయోసీన్ కాలానివి. అంటే 4, 5 కోట్ల ఏళ్ల క్రితానికే ఒఫియోలైట్ కొండలు కొన్ని నీటిపైన తలెత్తి, అరగడం మొదలుపెట్టాయి.

ఆ తర్వాత, సుమారు 3 కోట్ల ఏళ్ల క్రితం సముద్రంలో బురదప్రవాహాలు తెచ్చిన ఇసుక, మట్టి పొరలు పొరలుగా పేరుకున్నాయి. కార్బిన్స్ కోవ్ బీచ్‌లో కాగితాలు పేర్చినట్టు వాలుగా కనిపించే ఇసుకరాయి పొరలు అవే. పోర్ట్ బ్లెయిర్ వచ్చిన ప్రతి పర్యాటకుడూ వాటి పక్కన ఫొటో దిగుతాడు.

బ్యారన్ ద్వీపం కూడా ఈ కథలో ఒక భాగమే. కిందికి దూరిన ఫలకం దాదాపు వంద కిలోమీటర్ల లోతుకు చేరాక దానిలోని నీరు బయటపడుతుంది. ఆ నీరు చుట్టూ ఉన్న వేడిశిల కరిగే ఉష్ణోగ్రతను తగ్గిస్తుంది. అలా కరిగినదే మాగ్మాగా పైకి వచ్చి బ్యారన్‌ను, నార్కొండాన్ని నిర్మించింది. ఇంకా తూర్పున, అండమాన్ సముద్రం అడుగున గత 40 లక్షల ఏళ్లుగా భూపటలం విడిపోతూ కొత్త అడుగు తయారవుతోంది. చిడియా టాపులో చల్లారిన పని అక్కడ ఇంకా సాగుతోందన్నమాట.

పొలం ఎందుకు మునిగింది

ఇప్పుడు పెద్దాయన రెండో ప్రశ్నకు వద్దాం.

ఒక మందపాటి అట్టముక్కను బల్ల మీద పెట్టండి. ఒక అంచును ఎడమ చేత్తో కదలకుండా పట్టుకుని, రెండో అంచును కుడిచేత్తో మెల్లగా దానివైపు నెట్టండి. అట్ట మధ్యలో ఉబ్బుతుంది. ఇప్పుడు కుడిచేయి తీసేయండి. ఆ అంచు ముందుకు దూకుతుంది, ఉబ్బిన మధ్యభాగం కిందికి దిగిపోతుంది.

కుడిచేయి భారత ఫలకం, అట్ట బర్మా ఫలకం. రెండూ ఎప్పుడూ సాఫీగా జారవు. రాపిడి వల్ల చాలా ఏళ్లు పట్టుకుపోయి ఉంటాయి. ఆ కాలమంతా పై ఫలకం నెట్టుడుకు వంగుతూ, వెనక భాగంలో కొద్దికొద్దిగా ఉబ్బుతూ ఉంటుంది. 2004 డిసెంబరు 26 ఉదయం ఆ పట్టు విడిపోయింది. సుమత్రా దగ్గర మొదలైన చీలిక ఉత్తరంగా అండమాన్ దాకా దాదాపు 1,300 కిలోమీటర్లు సాగింది. తీవ్రత 9.1. ఫలకం పడమటి అంచు ముందుకు, పైకి దూకింది. అదే సముద్రాన్ని కదిలించి సునామీ పుట్టించింది. అంచుకు దగ్గరగా ఉన్న ఉత్తర అండమాన్ పడమటి తీరాల్లో పగడపు దిబ్బలు నీటిపైకి తేలి చనిపోయాయి. ఉబ్బి ఉన్న వెనక భాగం కుంగింది. ఆ కుంగిన వైపు పోర్ట్ బ్లెయిర్ ఉంది. అక్కడి నేల సుమారు ఒక మీటరు దిగిందని ఓడరేవులో సముద్రమట్టాన్ని కొలిచే పరికరమూ, తీరంలోని గుర్తులూ చెప్పాయి. నికోబార్ దక్షిణ కొసన ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా కుంగింది.

సిప్పిఘాట్ లాంటి పల్లపు ప్రాంతాల్లో పొలాలు సముద్రమట్టానికి పెద్ద ఎత్తులో ఉండేవి కావు. ఒక మీటరు దిగేసరికి అవి పోటు నీటికి కిందైపోయాయి. సునామీ అలలు వెనక్కి పోయాయి. ఆ తర్వాత పొలంలో నిలిచింది సునామీ నీరు కాదు, రోజూ వచ్చిపోయే మామూలు పోటు నీరే. సముద్రం పొలంలోకి రాలేదు, పొలమే సముద్రంలోకి దిగింది.

మరి ఆ నేల మళ్లీ లేస్తుందా? లేస్తుంది, కానీ మనిషి ఎదురుచూడగలిగే వేగంతో కాదు. భూకంపం తర్వాత నెలల్లో, ఏళ్లలో పోర్ట్ బ్లెయిర్ నేల కొంత మేరకు పైకి వచ్చినట్టు జీపీఎస్ కొలతల్లో తేలింది. ఈ కొలతల్లో హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలదీ పెద్ద పాత్ర. ఫలకాలు మళ్లీ పట్టుకుపోయి, మళ్లీ వంగడం మొదలుపెడతాయి కాబట్టి నేల ఇంకా నెమ్మదిగా ఉబ్బుతుంది. తర్వాతి పెద్ద భూకంపానికి మళ్లీ కుంగుతుంది.

ఇక్కడ ఒక సందేహం రావాలి. ప్రతిసారీ పెరిగినంతా తిరిగి కుంగిపోతే కొండలు ఎలా మిగిలాయి? అట్ట లాగా రాయి పూర్తిగా వెనక్కి రాదు. ప్రతి చక్రంలోనూ కొంత వంపు, కొంత పగులు, ఒక పలక మరో పలక మీదికి ఎక్కిన కొంత దూరం శాశ్వతంగా మిగిలిపోతాయి. ఒక మనిషి జీవితంలో ఆ మిగులు కంటికి ఆనదు. కోట్ల ఏళ్లు కూడితే ముండా పహాడ్ అవుతుంది.

అందుకే రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే అన్నాను. కొండను లేపిన కదలికే పొలాన్ని ముంచింది.

నడిచేవారికి కొన్ని మాటలు

వానలు తగ్గాక నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ బాటకు మంచి సమయం. ఉదయాన్నే బయలుదేరండి. మన గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానికి సరిచేసినది. పోర్ట్ బ్లెయిర్ దాదాపు 92.7 డిగ్రీల దగ్గర ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యుడు ఇక్కడ 40 నిమిషాలు ముందే అస్తమిస్తాడు. డిసెంబరులో సాయంత్రం ఐదింటికే చీకటి మొదలవుతుంది. చెట్ల కింద ఇంకా ముందే. తీరంలో ఉప్పునీటి మొసళ్ల హెచ్చరిక బోర్డులుంటే వాటిని పట్టించుకోండి. పచ్చటి నునుపు రాయి తడిగా ఉంటే దాని మీద అడుగు వేయకండి.

రాయి నచ్చిందని సంచిలో వేసుకోకండి. ఫొటో తీసుకోండి, పక్కన స్కేలో, నాణెమో పెట్టి తీస్తే పరిమాణం తెలుస్తుంది. ఇల్లు కట్టడానికి, రోడ్డు వేయడానికి దీవిలో గట్టి రాయి అవసరమే. ఆ అవసరం కొండల్ని తింటుంది కూడా. దిండు ఆకారం చెదరని లావా బయటికి కనిపించే చోట్లు దేశంలో కొద్దే. అలాంటి రాతిముఖం ఒకసారి కంకరైతే అది చెప్పే సంగతి మళ్లీ దొరకదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి. 2007 నుంచి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో భారత సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం పనిచేస్తోంది. ఆంధ్ర తీరానికి ఆ హెచ్చరిక చేరడానికి వ్యవధి ఉంటుంది. అండమాన్‌లో ఫలకాల అంచు దగ్గరే కాబట్టి అల నిమిషాల్లో రావచ్చు. నిలబడలేనంతగా నేల ఊగినా, ఊపు చాలాసేపు ఆగకపోయినా ఫోన్‌లో సందేశం కోసం చూడకూడదు. దగ్గరలోని ఎత్తుకు ఎక్కేయాలి.

తిరిగి తుష్నాబాద్ వెళ్లినప్పుడు అట్టముక్కతో పెద్దాయనకు ఇదంతా చూపించాను. ఆయన తానే రెండుసార్లు నొక్కి వదిలి చూశారు. “అయితే ఆ పొలం ఇంక మా మనవల కాలానికీ రాదన్నమాట” అన్నారు. అవునన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఇంటి వెనక గుట్టను చూపించి, “మరయితే పరిగెత్తాల్సింది అటేగా” అన్నారు. “అటే” అన్నాను.